కన్నది కల్ల... విన్నది నిజం

పెళ్లి మాటెత్తితే ఆమడ దూరం పారిపోయే మగాడు ఒకడు. మగాడి మాటెత్తితే మూతి విరిచే అమ్మాయి ఒకతె. ఇద్దరికీ క్షణం పడదు. వాళ్లను కలపాలనుకున్న స్నేహితులు ఒక్క ముక్క నచ్చజెప్పలేదు. వాళ్ల గురించే, వాళ్ల చెవిన పడేలా, పడుతోందని తమకు తెలియనట్టు నాలుగు మాటలు అనుకున్నారు. అంతే! షేక్‌స్పియర్ కామెడీ ‘మచ్ అడూ అబౌట్ నథింగ్’లో ప్రేమ పుట్టింది ఆ చాటుమాటల్లోనే. అదే నాటకంలో మరో జంట పెళ్లి చర్చిలో ఆగిపోయిందీ సరిగ్గా అదే ఎత్తుగడతో.

తెల్లగడ్డం అబద్ధమాడుతుందా?

సిసిలీలోని మెస్సీనా పట్టణం. యుద్ధం గెలిచి వచ్చిన ప్రభువు డాన్ పెడ్రో, తన పరివారంతో గవర్నర్ లియోనాటో ఇంట్లో దిగాడు. కనీసం నెల రోజులు మకాం. చేతిలో పని లేదు. ఇంటినిండా పెళ్లీడు పిల్లలు, సాయంత్రమైతే ఆటాపాటా. ఇలాంటి ఇంట్లో గోడలకు చెవులు మొలవక ఏం చేస్తాయి? నాటకం మొదలై మూడు రంగాలు గడిచేసరికే ఆ పని జరిగిపోతుంది. డాన్ పెడ్రో, అతని అనుచరుడు క్లాడియో ఆంతరంగికంగా ఒక మాట అనుకుంటారు. లియోనాటో కూతుర్ని క్లాడియో ప్రేమించాడు కాబట్టి అతని తరఫున ప్రభువే ఆమెతో మాట్లాడతాడని ఆ మాట సారాంశం. దాన్ని తోటలో ఒక నౌకరు విన్నాడు. ప్రభువే ఆ పిల్లను ప్రేమిస్తున్నాడని ఇంట్లో చెప్పాడు. గదిలో తెర వెనక నక్కి బొరాచియో అనే దుర్మార్గుడూ విన్నాడు. వాడు మాత్రం ఉన్నదున్నట్టు మోసుకెళ్లాడు. మంచివాడి చెవిలో మాట వంకర తిరిగింది, చెడ్డవాడి చెవిలో తిన్నగా దిగింది. షేక్‌స్పియర్ ఆట నియమం ఏమిటో ఇక్కడే చెప్పేశాడు.

(క్లాడియో ప్రేమించిన అమ్మాయి పేరు హీరో. మన సినిమా హీరోతో దీనికి సంబంధం లేదు. గ్రీకు పురాణగాథల నుంచి వచ్చిన ఆడపేరు.)

ఇక అసలు సన్నివేశం. బెనెడిక్ సైనికుడు, మాటకారి, బ్రహ్మచర్యం మీద ఊరందరి ముందూ ఒట్టు పెట్టుకున్నవాడు. నిన్నటిదాకా తనలాగే కబుర్లు చెప్పిన క్లాడియో ఇవాళ ప్రేమలో పడి కొరగాకుండా పోయాడే అని తోటలో ఒంటరిగా విచారిస్తుంటాడు. అంతలో ప్రభువు, క్లాడియో, లియోనాటో అటుగా రావడం చూసి పొదరింట్లో దూరతాడు. అతను దూరడం వాళ్లు చూశారు. తొందరపడరు. ముందు తీరిగ్గా ఒక పాట పాడించుకుంటారు. ఆ తర్వాత వల విసురుతారు. లియోనాటో ఇంట్లో ఉండే బంధువుల పిల్ల, బెనెడిక్‌ను చూస్తే చాలు దెప్పిపొడిచే బియాట్రిస్... అతని మీద ప్రేమతో కృశించిపోతోందట. రాత్రిళ్లు లేచి ఉత్తరాలు రాస్తుందట, చింపేస్తుందట, ఏడుస్తుందట.

ఈ సన్నివేశంలో నవ్వంతా ప్రేమకథలో లేదు, ఆ కథ చెప్పడానికి పెద్దమనుషులు పడే అవస్థలో ఉంది. ఆమె ప్రేమ లక్షణాలేమిటని ప్రభువు అడిగేసరికి పాపం లియోనాటోకు ఏమీ తోచదు. మా అమ్మాయి నీకు చెప్పింది కదా అంటూ బంతిని క్లాడియో మీదికి నెట్టేస్తాడు. మంచి నటుడి చేతికి చిక్కితే ఈ ఒక్క తడబాటు మీద హాలు హాలంతా ఊగిపోతుంది. అబద్ధమాడటం అలవాటులేని ముసలాయన, పక్కనుంచి కళ్లతో పొడుస్తున్న కుర్రాడు, ఆకుల సందులోంచి నోరు తెరుచుకుని చూస్తున్న ముఖం... మూడూ ఒకేసారి ప్రేక్షకుడి కంటి ముందుంటాయి.

బెనెడిక్ తెలివితక్కువవాడేం కాదు. ఇదేదో మోసమేమోనన్న అనుమానం అతనికి వస్తుంది. ఎలా పోయిందో చూడండి: చెబుతున్నది తెల్లగడ్డం పెద్దాయన కాబట్టి అబద్ధమై ఉండదని తనకు తానే సర్దిచెప్పుకుంటాడు. ప్రేక్షకులు పగలబడి నవ్వే ఈ తర్కాన్ని కాస్త గుర్తుపెట్టుకోవాలి. రెండు అంకాలు తిరిగేసరికి ఇదే తర్కం ఒక ఆడపిల్ల ప్రాణం మీదికి వస్తుంది.

ముఖం మీద అంటే నవ్వు, ముసుగులో అంటే మంట

చాటుగా విన్నదాన్ని అంత తేలిగ్గా ఎందుకు నమ్ముతాం? ఎదురుగా నిలబడి ఎవరైనా పొగిడితే ఏం ఆశించి వచ్చాడోనని చూస్తాం. తిడితే కోపంలో ఉన్నాడనుకుంటాం. మన కోసం అనని మాటకు ఆ లంపటం లేదు. అందులో స్వార్థం కనబడదు. పైగా దాన్ని మనమే కష్టపడి సంపాదించామన్న తృప్తి ఒకటి.

షేక్‌స్పియర్ ఈ సంగతిని తోట సన్నివేశానికి ముందే ఒకసారి రుచి చూపించాడు. ముసుగుల నాట్యం జరుగుతుంటుంది. బియాట్రిస్ పక్కన ముసుగు వేసుకుని బెనెడిక్ నిలబడతాడు. బెనెడిక్ అంటే ప్రభువుగారి విదూషకుడు, అంతకు మించి సరుకు లేదని ఆమె ఆ ముసుగు మనిషితో అనేస్తుంది. ముసుగు వెనక ఉన్నదెవరో ఆమెకు తెలుసా, తెలియదా? నాటకం తేల్చదు. తెలుసన్నట్టు నటించే బియాట్రిస్‌లున్నారు, తెలియనట్టు నటించేవాళ్లూ ఉన్నారు. నాకైతే తెలిసే అందనిపిస్తుంది. ఏదైనా బెనెడిక్‌కు మాత్రం ఆ మాట ముల్లులా దిగబడిపోతుంది. ముఖం మీద ఇంతకన్నా ఘాటైనవి ఎన్ని అన్నా నవ్వుతూ బదులిచ్చినవాడు, ‘నా వెనక’ అన్న ఈ ఒక్క మాటను నాట్యం అయ్యాక కూడా నెమరేసుకుంటూ కుతకుతలాడతాడు. ఆ మనిషిని ప్రేమలో దించాలంటే ఏ దారిన వెళ్లాలో స్నేహితులకన్నా ముందు మనకు తెలిసిపోయింది.

తోటలో ఆ మాటలు విన్న కాసేపటికి బియాట్రిస్ వస్తుంది. భోజనానికి పిలవమని పంపితే ఇష్టం లేకుండానే వచ్చానని ఆ సంగతి కూడా చెప్పేసి వెళ్లిపోతుంది. ఆమె ఏమీ మారలేదు, ఆమె మీద ఇంకా ఏ మంత్రమూ పనిచేయలేదు. మారింది వినేవాడి చెవి. ఆ పుల్లవిరుపు పిలుపులో రెండర్థాలున్నాయని బెనెడిక్ తెగ మురిసిపోతాడు. అపార్థంతో పుట్టే హాస్యానికి ఇంతకన్నా చక్కని పాఠం ఇంకెక్కడా దొరకదనిపిస్తుంది. మాట అదే, మనిషి అదే.

ఆమె విన్నది పొగడ్త కాదు

ఆ తర్వాత బియాట్రిస్ వంతు. ఇదే ఎత్తును మళ్లీ వాడితే రక్తి కట్టదు. అందుకని షేక్‌స్పియర్ అన్నీ మార్చేశాడు. బెనెడిక్ సన్నివేశం వచనంలో నడిస్తే ఇది పద్యంలో నడుస్తుంది. అక్కడ మగవాళ్లు, ఇక్కడ హీరో, ఆమె చెలికత్తె అర్సులా. అక్కడ తడబాట్లూ నవ్వులూ. ఇక్కడ నవ్వు పలుచన, మాట చిక్కన.

అసలు తేడా వినిపించిన విషయంలో ఉంది. బెనెడిక్‌కు వినిపించింది నీ కోసం ఒకతె చచ్చిపోతోందని. అతని అహం మీద వెన్న రాశారు. బియాట్రిస్‌కు వినిపించింది మాత్రం, బెనెడిక్ నిన్ను ప్రేమిస్తున్నా నీకు చెప్పడానికి ఎవరికీ ధైర్యం లేదని. ఎందుకంటే నీకు పొగరు, ఏ మగాడిలోనైనా వంకే వెతుకుతావు, నీ ఎగతాళికి మనుషులు జడుసుకుంటారు. తను ప్రాణంగా చూసుకునే హీరో నోటి నుంచి, తన వెనక, ఈ మాటలు! బయటికొచ్చిన బియాట్రిస్ ఎక్కువ మాట్లాడదు. వాగుడుకు మారుపేరైన మనిషి పది పాదాల పద్యంతో సరిపెట్టి, పొగరుకు ఆ క్షణమే నీళ్లొదిలేస్తుంది. బెనెడిక్ అయితే అంతకు ముందు పేజీకి సరిపడా స్వగతం దంచాడు, పెళ్లి చేసుకోవడం లోకకల్యాణార్థమే అన్నట్టు. మగాణ్ని పొగిడి దారికి తెచ్చారు, ఆడపిల్లను తిట్టి దారికి తెచ్చారు. దీనిలోని అన్యాయం షేక్‌స్పియర్‌కు తెలుసో లేదో గానీ, తెలిసిన నటి చేతిలో ఆ పది పాదాలూ నవ్వు ఆపేస్తాయి.

స్నేహితులు చెప్పింది అబద్ధం. కానీ పూర్తిగా ఎండిన నేలలో వేసిన విత్తనమా అంటే కాదు. నాటకంలో బియాట్రిస్ నోట వచ్చే మొట్టమొదటి మాటే యుద్ధం నుంచి ఆ పెద్దమనిషి తిరిగొచ్చాడా అని. పేరు పెట్టి అడగదు, వెటకారపు పేరొకటి తగిలించి అడుగుతుంది. అతను ఒకప్పుడు తన మనసును కొన్నాళ్లు అప్పిచ్చాడని మరోచోట జారవిడుస్తుంది. వీళ్లిద్దరి మధ్య ఏదో జరిగి చెడిందన్నమాట. ఉత్తరాలు రాస్తోందట అన్న కట్టుకథ చివరి రంగంలో నిజమైపోతుంది కూడా. ఇద్దరూ ఒకరి మీద ఒకరు రహస్యంగా రాసుకున్న కవితలు జేబుల్లోంచి బయటపడతాయి. లియోనాటో ఆ రోజు చెమటలు కక్కుతూ అల్లిన అబద్ధం అక్షరాలా జరిగిపోయింది.

కెంప్ పేరు అచ్చులో మిగిలింది

ఈ నాటకం 1600లో చిన్న పుస్తకంగా అచ్చయింది. రాసింది అంతకు కాస్త ముందు, 1598-99 ప్రాంతంలో. ఆ లెక్క తేల్చడానికి ఒక ముద్రణ పొరపాటు సాయపడింది. నాలుగో అంకంలో కాపలాదారుల నాయకుడు డాగ్‌బెర్రీ మాట్లాడాల్సిన చోట పాత్ర పేరుకు బదులు ‘కెంప్’ అని పడింది. విల్ కెంప్ అప్పటి ప్రసిద్ధ హాస్యనటుడు, 1599లో షేక్‌స్పియర్ నాటక సమాజాన్ని వదిలేశాడు. అంటే షేక్‌స్పియర్ ఆ పాత్రను అతని నోటికి కొలిచి కుట్టాడు, రాసేటప్పుడు ఎదురుగా కనబడ్డ పేరే రాసేశాడు. ఆ పుస్తకంలోనే లియోనాటో భార్య ఇన్నోజెన్ వేదిక మీదికి వచ్చినట్టు సూచన ఉంటుంది. ఆవిడ నాటకం మొత్తం మీద ఒక్క మాటా మాట్లాడదు. తర్వాతి సంపాదకులు ఆవిడను తీసేశారు.

క్లాడియోతో పెళ్లి చర్చిలో ఆగేలా చేసిన, హీరో మీద నింద కథ షేక్‌స్పియర్‌ది కాదు. ఇటలీ రచయిత బండెల్లో 1554లో అచ్చువేసిన కథల్లో అది ఉంది, అంతకు ముందు అరియోస్టో కావ్యంలోనూ ఆ ఛాయలున్నాయి. బియాట్రిస్, బెనెడిక్‌ల గొడవ మాత్రం అతని సొంత సరుకు. జనం పట్టుకున్నదీ దాన్నే. 1613లో రాజాస్థానంలో ప్రదర్శనలకు చెల్లించిన లెక్కల్లో నాటకం అసలు పేరుతో పాటు ఈ జంట పేరూ కనిపిస్తుంది. ఒకటవ చార్లెస్ రాజు తన షేక్‌స్పియర్ సంపుటంలో ఈ నాటకం పేరు పక్కన స్వయంగా వాళ్లిద్దరి పేర్లూ రాసుకున్నాడు. 1862లో ఫ్రెంచ్ సంగీతకారుడు బెర్లియోజ్ దీన్ని ఒపెరాగా మలిచినప్పుడు నింద కథను మొత్తంగా కత్తిరించి పారేశాడు, పేరు కూడా ‘బియాట్రిస్, బెనెడిక్’ అనే పెట్టుకున్నాడు. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ తోటలోని అబద్ధానికి పక్కన ఆ నిందకు మూలమైన కిటికీ దగ్గరి అబద్ధం లేకపోతే నాటకం సగం పదును పోయినట్టే.

కళ్లారా చూశారు, అందుకే మోసపోయారు

ప్రభువు సవతి తమ్ముడు డాన్ జాన్‌కు అందరి సంతోషమూ కంటగింపే. బొరాచియోకు 1000 డ్యూకట్లిచ్చి ఒక పన్నాగం పన్నిస్తాడు. పెళ్లికి ముందు రాత్రి హీరో గది కిటికీ దగ్గర పరిచారిక మార్గరెట్‌ను నిలబెట్టి, హీరో పేరుతో పిలుస్తూ బొరాచియో సరసాలాడతాడు. ఆ దృశ్యాన్ని చీకట్లో దూరం నుంచి క్లాడియో, డాన్ పెడ్రో చూస్తారు. తెల్లారి చర్చిలో, పాదిరి ముందు, బంధువులందరి ముందు హీరో శీలం చెడిందని క్లాడియో ఆమెను తోసేస్తాడు.

విన్నది అబద్ధం కావచ్చు గానీ కన్నది నిజమని మనవాళ్లంటారు. ఈ నాటకం ఆ సామెతను తిరగేసి కొట్టింది. పొదరింట్లో చెవితో విన్న అబద్ధం నిజమై కూర్చుంది, కిటికీ దగ్గర కంటితో చూసిన ‘నిజం’ పచ్చి బూటకం. రెంటిలోనూ పనితనం ఒకటే: నటులు, చాటున ఒక ప్రేక్షకుడు, తనను ఎవరూ చూడటం లేదన్న అతని భ్రమ. నిన్న తోటలో దర్శకత్వం వహించిన డాన్ పెడ్రో ఇవాళ అదే నాటకానికి ప్రేక్షకుడై బోల్తాపడ్డాడు. ఇతరులకు తను తవ్విన గోతి ఆకారం కూడా గుర్తుపట్టలేకపోయాడు.

విచిత్రమేమిటంటే కిటికీ సన్నివేశాన్ని షేక్‌స్పియర్ వేదిక మీద చూపించలేదు. జరిగిందని చెప్పించాడంతే. తోట మోసాలు రెండింటినీ తాపీగా చూపించినవాడు ఇంత కీలకమైనదాన్ని దాచేశాడు. 1993లో కెన్నెత్ బ్రానా తీసిన సినిమాలో అది కనిపిస్తుంది. కనిపించేసరికి క్లాడియో మీద జాలి పుడుతుంది, పాపం కళ్లారా చూశాడు కదా అని. రంగస్థలం మీద ఆ వెసులుబాటు అతనికి లేదు. మనం చూడలేదు కాబట్టి అతని సాక్ష్యాన్ని మనం నమ్మం. అది సినిమాకు అవసరమైన పని కావచ్చు, నాటకానికి మాత్రం చూపించకపోవడమే మంచిదయింది.

క్లాడియో ఇలా మోసపోవడం మొదటిసారీ కాదు. ముసుగుల నాట్యంలో ప్రభువే హీరోను తనకోసం అడుగుతున్నాడని ఇదే డాన్ జాన్ ఊదితే, నిమిషంలో నమ్మి మొహం మాడ్చుకున్నాడు. ప్రేమించిన కొత్తలోనే లియోనాటోకు కొడుకున్నాడా, ఆస్తికి వారసురాలు ఈమేనా అని ఆరా తీసిన మనిషి. బియాట్రిస్ మనసులో ప్రేమ సిద్ధంగా ఉన్నట్టే ఇతని మనసులో అనుమానం సిద్ధంగా ఉంది.

చర్చిలో అందరికన్నా ఎక్కువ గుండెకోత పెట్టేది లియోనాటో. కన్నతండ్రి. కూతురు మూర్ఛపోతే ఆ నింద మోస్తూ బతకడం కన్నా చావే మేలంటాడు. ఆయన నమ్మకానికి ఆధారం ఏమిటి? ఇద్దరు ప్రభువులు అబద్ధమాడతారా, ఇంత ప్రేమించిన క్లాడియో అబద్ధమాడతాడా అని. తోటలో బెనెడిక్ వేసుకున్న లెక్కే ఇది! తెల్లగడ్డం చెప్పింది కాబట్టి నిజమని అతను నమ్మాడు, నవ్వాం. గొప్పవాళ్లు చెప్పారు కాబట్టి నిజమని ఆ తెల్లగడ్డమే నమ్మింది, నవ్వలేకపోయాం. మెస్సీనాలో మాటకు బరువు దాని నిజంలో లేదు, చెప్పినవాడి హోదాలో ఉంది.

నిజం పట్టుకున్నవాళ్లకు చెప్పడం రాదు

పన్నాగం జరిగిన రాత్రే బొరాచియో తాగి, జల్లు పడుతుంటే ఒక చూరు కిందికి చేరి, చేసిన ఘనకార్యమంతా తోటివాడికి చెప్పుకుంటాడు. గస్తీవాళ్లు చీకట్లో నిలబడి విన్నారు. నాటకంలో పొంచి వినడాలు ఇన్ని ఉంటే, మంచివాళ్లు సూటిగా నిజాన్ని పట్టుకున్నది ఇదొక్కటే. పట్టుకున్నవాళ్లకు సగం అర్థం కాలేదు. మాటల మధ్యలో దొర్లిన ఒక అలంకారాన్ని పేరుమోసిన దొంగ పేరనుకుని ఆ దొంగ కోసం కూడా వెతుకుతారు. అయినా చేయాల్సింది చేశారు, ఇద్దర్నీ కట్టి ఠాణాకు తెచ్చారు.

పెళ్లి ఉదయం డాగ్‌బెర్రీ, తోటివాడు వెర్జెస్‌ను వెంటబెట్టుకుని నేరుగా లియోనాటో గుమ్మంలోకి వెళ్లాడు. చాటు లేదు, తెర లేదు. ఎదురుగా నిలబడి చెప్పబోయాడు. చెప్పడం రాదు అతనికి. పెద్ద పెద్ద మాటలు వాడబోయి ఒకదానికి ఒకటి తగిలిస్తాడు, విషయం వదిలి వెర్జెస్ ముసలితనం గురించి మాట్లాడతాడు. లియోనాటోకు తొందర. కాస్త ద్రాక్షసారా తాగి మీరే విచారించుకోండి అని సాగనంపేశాడు. ఇంకో రెండు నిమిషాలు ఓపిక పట్టి ఉంటే చర్చిలో ఏ ఘోరమూ జరిగేది కాదు. చూసేవాళ్లకు నవ్వూ వస్తుంది, లేచి వెళ్లి ఆయన చొక్కా పట్టుకోవాలనీ అనిపిస్తుంది. ఆ రెండూ ఒకేసారి రప్పించడం కెంప్ లాంటి నటుడికే చెల్లి ఉంటుంది.

గోరువంక చెప్పిన రహస్యం

పొంచి వినడం మన నాటకానికీ పాత చుట్టమే. భాసుడి ‘స్వప్నవాసవదత్త’లో చనిపోయిందనుకున్న వాసవదత్త మారువేషంలో లతాగృహంలో ఉండగా, బయట ఉదయనుడు విదూషకుడితో మాట్లాడతాడు. ఇద్దరు భార్యల్లో నీకెవరంటే ఎక్కువ ఇష్టమని విదూషకుడు పీడిస్తే, పోయిన వాసవదత్తేనని ఒప్పుకుంటాడు. ఆమె వింటుంది. బతికున్నానని చెప్పుకోలేని ఆమెకు అంతకన్నా ఏం కావాలి? ఏడో శతాబ్దపు హర్షుడు ‘రత్నావళి’లో ఇంకా కొంటె పని చేశాడు. సాగరిక తన ప్రేమను చెలికత్తెకు చెప్పుకుంటుంటే పంజరంలోని గోరువంక విని, ఎగిరిపోయి చెట్టెక్కి ఆ మాటలే వల్లిస్తుంది. రాజు చెవిన అవే పడతాయి. పక్షికి అబద్ధం చెప్పడం రాదు, పొల్లు పోకుండా అప్పజెబుతుంది. మెస్సీనాలో అలాంటి పక్షి ఒక్కటీ లేకపోయింది.

ఇంకో తేడా ఉంది. మన నాటకాల్లో చాటున వినబడేది సాధారణంగా నిజం, అనుకోకుండా దొరికింది. షేక్‌స్పియర్ తోటలో వినబడేది కావాలని వండిన అబద్ధం. వేదిక మీద ఎవరికి ఏది వినబడాలన్న విషయంలో మన లాక్షణికులు ఏకంగా చట్టమే రాశారు. అందరూ వినేది సర్వశ్రావ్యం, కొందరే వినేది నియతశ్రావ్యం, ఎవరూ విననిది అశ్రావ్యం, అంటే స్వగతం. నటుడు త్రిపతాక హస్తం అడ్డుపెట్టి జనాంతికంగా ఒక మాటంటే పక్కనున్న పాత్రకు అది వినబడనట్టే, మూడో వరుసలో కూర్చున్నవాడికి వినబడినా సరే.

తెలుగు నాటకంలో దాక్కోవడం అనగానే ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఇల్లు గుర్తొస్తుంది. గిరీశం, రామప్పంతులు ఒకే మంచం కింద చేరిన ఘట్టంలో గురజాడ చాటును ప్రేమకు వాడలేదు, పరువు తీయడానికి వాడాడు. మంచం మీద ఉన్న మనిషి వేషం మంచం కిందికి వెళితే ఊడిపోతుంది. షేక్‌స్పియర్ కామెడీల్లో తెలుగువాళ్లకు తొలినాళ్లలోనే పరిచయమైనది ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’. కందుకూరి వీరేశలింగం దాన్ని ‘చమత్కార రత్నావళి’గా మలిచారు. అందులో పొరబాటుకు కారణం కవలల పోలిక. మెస్సీనాలో మనిషిని మనిషి సరిగ్గానే గుర్తుపడతాడు, మాట దగ్గరే పప్పులో కాలేస్తాడు.

స్తంభం వెనక దాక్కుంటే

షేక్‌స్పియర్ కాలపు నాటకశాలలో ప్రదర్శన పట్టపగలు. ప్రేక్షకులు వేదికకు మూడు వైపులా. కప్పును మోసే రెండు లావాటి స్తంభాలు వేదిక మీదే. నటుడు స్తంభం చాటున నక్కితే తోటి నటుల దృష్టిలో మాయమైనట్టు, కానీ సగం జనానికి అతనే అందరికన్నా దగ్గర. దాక్కున్నవాడు ప్రేక్షకుడికి చుట్టమైపోతాడు. అక్కడి నుంచి అతను ఎగరేసే ఒక్క కనుబొమ్మ చాలు.

పొదరిల్లు ఒక వంకే కాబట్టి దర్శకులకు అది ఆటస్థలం. లండన్‌లో 2011లో జోసీ రూర్క్ దర్శకత్వంలో కథ 1980ల నాటి జిబ్రాల్టర్‌కు మారింది. పొంచి వింటున్న డేవిడ్ టెనంట్ ఒళ్లంతా రంగు పులుముకున్నాడు, బియాట్రిస్‌గా కేథరిన్ టేట్ రంగులు వేసేవాళ్ల తాడుకు చిక్కి గాల్లో వేలాడింది. విన్న మాటకు కాళ్లు నేల మీద నిలవకపోవడం అంటే ఇదే కాబోలు.

భారతదేశానికి ఈ నాటకం రెండుసార్లు గట్టిగానే వచ్చింది, ఇంగ్లండ్‌లో ఉంటూనే. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి 1976లో జాన్ బార్టన్ దీన్ని బ్రిటిష్ పాలన నాటి భారతదేశంలోని సైనిక స్థావరానికి మార్చాడు. జూడీ డెంచ్ బియాట్రిస్, డోనాల్డ్ సిండెన్ బెనెడిక్. పనిలేని అధికారులు, వరండాలు, గుసగుసలు... మెస్సీనా అచ్చంగా అతికింది. కానీ డాగ్‌బెర్రీని భారతీయుడిగా చూపి, తెల్ల నటుడితో వేయించి, అతని ఇంగ్లిషును నవ్వులపాలు చేయడం మింగుడుపడదు. పరాయి భాషలో తడబడుతూ నిజం చెబుతున్నవాణ్ని దొర వినిపించుకోలేదన్న అర్థం అందులోంచి వస్తే అది వేరే నాటకం అయ్యేది. 2012లో ఇక్బాల్ ఖాన్ అదే కంపెనీకి కథను నేటి ఢిల్లీలో పెట్టాడు. మీరా స్యాల్ బియాట్రిస్. చుట్టాలు, పనివాళ్లు, పెళ్లి హడావుడి నిండిన ఇంట్లో ఎవరి మాట ఎవరి చెవిన పడదు కనుక? అక్కడ హీరోకు జరిగిన అవమానం ఇటలీ పాతకథలా అనిపించదు. మన వీధిలో జరిగినట్టే ఉంటుంది.

చాటు లేని ఒక్క మాట

చర్చిలోంచి అందరూ వెళ్లిపోయాక బియాట్రిస్, బెనెడిక్ ఇద్దరే మిగులుతారు. పొంచి వినేవాళ్లు లేరు, మాట్లాడించేవాళ్లు లేరు. ప్రేమను ఒకరికొకరు నేరుగా చెప్పుకోవడం ఇక్కడే మొదటిసారి. నీ కోసం ఏం చేయమంటావని అతను అడిగితే, క్లాడియోను చంపమంటుంది. కొన్ని ప్రదర్శనల్లో ఇక్కడ జనం నవ్వుతారు, అదేదో ఎత్తిపొడుపనుకుని. నటికి అంతకన్నా గండం లేదు. ఆ నవ్వు రాకుండా చెప్పగలిగినవాళ్లనే గొప్ప బియాట్రిస్‌లంటారు.

బెనెడిక్ మొదట కుదరదంటాడు, క్లాడియో ప్రాణస్నేహితుడు. ఆమె మండిపడుతుంది. తను మగవాడినై పుట్టి ఉంటేనా అని రగులుతుంది. చివరికి అతను ఒకటే అడుగుతాడు. క్లాడియో తప్పు చేశాడని నీ మనసు గట్టిగా నమ్ముతోందా? నమ్ముతోందంటుంది. సాక్ష్యం అడగలేదు. కిటికీ కథ నిజమా కాదా అని విచారించలేదు. ఇద్దరు ప్రభువుల కళ్లను పక్కనపెట్టి, ఎదురుగా నిలబడ్డ ఒక్క ఆడమనిషి మాట మీద స్నేహితుణ్ని ద్వంద్వయుద్ధానికి పిలవడానికి వెళ్లిపోతాడు. తెల్లగడ్డం హామీ ఇస్తే గానీ నమ్మని మనిషి ఇతనేనా!

తర్వాత అన్నీ సర్దుకుంటాయి. గస్తీవాళ్ల పుణ్యమా అని బొరాచియో నిజం కక్కుతాడు. చనిపోయిందని ఇంటివాళ్లు లోకాన్ని నమ్మించిన హీరో ముసుగు తీస్తుంది. క్లాడియో మళ్లీ వరుడవుతాడు, ఇంత తేలిగ్గా ఎలా క్షమించారో నాకు ఇప్పటికీ అరగదు. ఇక మార్గరెట్. ఆ రాత్రి కిటికీ దగ్గర నిలబడ్డది ఆమె. చర్చి సన్నివేశంలో ఆమె ఉండదు, ఎందుకు లేదో ఎవరూ అడగరు. అదే రోజు తోటలో బెనెడిక్‌తో సరసాలాడుతూ కనిపిస్తుంది, ఏమీ ఎరగనట్టే. చివరికి లియోనాటో ఒకే వాక్యంలో ఆమె సంగతి తేల్చేస్తాడు, తప్పు కొంత ఉంది గానీ కావాలని చేసింది కాదని. ఆ కిటికీలో ఆమె ఏం విన్నదో, ఏం అనుకుని నిలబడ్డదో ఆమె నోటితో ఒక్క ముక్క చెప్పించలేదు. చెప్పించాలనుకునే దర్శకులు చివరి నాట్యంలో ఆమెను ఒక మూలన విడిగా నిలబెడతారు, ఆమె ముఖం వైపు చూడటం ఇక ప్రేక్షకుడి పని.